అక్క కూర్చుంది

అక్క నాలుగు నెలలు కూర్చోలేదు.

మాటవరసకి అంటున్నది కాదు. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా కుర్చీలో గానీ, మంచం అంచున గానీ, నేల మీద గానీ నడుము ఆనించి కూర్చున్నది లేదు. భోజనం నిలబడే చేసేది. పడుకుంటే ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకునేది. అదీ సాగనప్పుడు మంచం పక్కన నేల మీద మోకరించి, మోచేతులు పరుపు మీద ఆనించి, ముఖం దిండులో దాచుకుని ఉండిపోయేది. అలా గంటా, రెండు గంటలు. అర్ధరాత్రి నేను లేచి చూస్తే చీకట్లో ఆ ఆకారం అలాగే కనిపించేది. మోకాళ్ళ కింద మొదట చాప వేసేవాణ్ణి, తర్వాత మడతపెట్టిన దుప్పటి. అయినా చర్మం కాయలు కట్టి నల్లబడింది. ఆ నొప్పి ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె ముఖం కాదు, ఆ మోకాళ్ళు.

ఇది రాయడానికి కారణం ఒకటే. ఆ నాలుగు నెలల్లో చివరి ఏడు వారాలు ఊరికే పోయాయి. ఆ బాధ తగ్గించే దారి ఒకటుందని మాకు తెలిసింది. కానీ అది "ఆఖర్న" చూడాల్సిన దారి అనుకుని ఆగాం. ఎవరింట్లోనైనా ఇప్పుడు ఇలాంటి ఏడు వారాలు నడుస్తుంటే, వాళ్ళు ఇది చదివి రేపు పొద్దున్నే డాక్టరుని అడగాలని నా కోరిక.

అక్కకి పెద్దపేగు చివర్న, మలద్వారానికి కాస్త పైన క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఆ భాగమంతా తీసేశారు. మలం బయటికి రావడానికి పొట్ట మీద ఎడమవైపు సంచి పెట్టారు. రేడియేషన్, కీమో అన్నీ అయ్యాయి. ఏడాదిన్నర బాగుంది, మళ్ళీ బడికెళ్ళి లెక్కలు చెప్పింది. ఆ తర్వాత అదే చోట, వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముకకి ముందు మళ్ళీ గడ్డ వచ్చింది. కాళ్ళకీ, మూత్రసంచికీ, కూర్చునే చోటుకీ వెళ్ళే నరాలన్నీ అక్కడినుంచే బయల్దేరతాయి. గడ్డ వాటిని నొక్కుతూ వాటిలోకే చొచ్చుకుపోయింది.

నొప్పి రెండు రకాలుగా ఉండేది. ఒకటి ఎప్పుడూ లోపల సలుపుతూ ఉండే బరువు. రెండోది ఉన్నట్టుండి ఎడమ తొడ వెనకనుంచి మడమ దాకా కరెంటు పాకినట్టు జివ్వున దిగేది. మొదటిదాన్ని మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు కొంత పట్టుకునేది. రెండోది దేనికీ లొంగలేదు. నరమే దెబ్బతిని పుట్టే నొప్పి అది, దానికి మార్ఫిన్ ఒక్కటే సరిపోదని తర్వాత తెలిసింది.

డాక్టర్లు నొప్పికి 0 నుంచి 10 దాకా అంకె అడుగుతారు కదా. అక్క ఒక పొడుగు నోటు పుస్తకంలో నిలువు గీతలు గీసి టైము, మాత్ర, అంకె రాసుకునేది. ఎంత విలవిల్లాడిన రోజైనా 9 దాటి వెయ్యలేదు. "పది వెయ్యొచ్చుగా అక్కా" అన్నాను ఒకసారి. "పది వేశామంటే ఇంతకన్నా పెద్దది రాదనే నమ్మకం ఉండాలి రా. నాకా నమ్మకం లేదు" అంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల నిచ్చెన ఒకటి చెప్పింది. ముందు మామూలు నొప్పి మాత్రలు, తర్వాత తేలికపాటి మత్తు మందులు, ఆ పైన మార్ఫిన్. చాలామందికి ఆ నిచ్చెన సరిపోతుంది, అది చెప్పాలి. మార్ఫిన్ అనగానే భయపడి మాత్రలే మొదలుపెట్టనివ్వని ఇళ్ళు నాకు తెలుసు, అది మరీ అన్యాయం. మేం మూడు మెట్లూ ఎక్కేశాం. నరాల నొప్పికి వేరే మాత్రలు కలిపాం. మార్ఫిన్ పెరుగుతూ పెరుగుతూ రోజుకి 300 మిల్లీగ్రాములకి వచ్చింది. ఆ డోసులో అక్క పగలంతా మగతగా ఉండేది. నిద్రలో చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరేవి. గోడ మీద చీమల బారు పోతోందని చూపించేది. ఒకరోజు సాయంత్రం మేనకోడలు లెక్క అడిగితే చెప్పడం మొదలుపెట్టి, ఏడు ఎనిమిదులు దగ్గర ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, అంకె రావట్లేదు. ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. పిల్ల పుస్తకం మూసుకుని మెల్లగా బయటికి వెళ్ళిపోయింది.

ఇంత జరిగినా అంకె మాత్రం 8.

వెన్నులోకి నేరుగా మందు పంపే పద్ధతి ఉందని బావ ఎక్కడో చదివి, అప్పుడు చూస్తున్న డాక్టరుగారిని అడిగాడు. "అబ్బే, అది చివర్లో చూసేది. మీకింకా ఆ దశ రాలేదు" అన్నారాయన. దశ రాలేదన్న మాట మాకు శుభవార్తలా వినిపించింది, సంతోషంగానే ఇంటికొచ్చాం. ఆ ఏడు వారాల లెక్క మొదలైంది అక్కడే. ఆయన చెడ్డవారని అనను, కీమో సంగతి బాగా చూశారు. కానీ నొప్పికి విడిగా డాక్టర్లుంటారనీ, వాళ్ళ దగ్గరికి ఎప్పుడో అప్పుడు కాదు, మాత్రలు పట్టు తప్పిన రోజునే పంపాలనీ ఆయన చెప్పలేదు. మాకు అడగాలని తెలియలేదు.

చివరికి నొప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అసలు మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చేవాళ్ళలో కొందరు ఇలా నొప్పి వైద్యంలోకి వస్తారట. గది తలుపు దగ్గరే నిలబడిపోయిన అక్కని చూసి "కూర్చోండి" అనలేదావిడ. తనే లేచి నిలబడి మాట్లాడింది. ఆ ఒక్క పనితో అక్క ఆవిణ్ణి నమ్మేసింది.

చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. మింగిన మార్ఫిన్ పేగులోంచి కాలేయంలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి వెళ్ళి ఒళ్ళంతా తిరుగుతుంది. పనిచెయ్యాల్సిన చోటు మాత్రం ముఖ్యంగా వెన్నుపాములోనూ మెదడులోనూ ఉంది. నొప్పి కబురు నరాల వెంట వచ్చి వెన్నుపాము వెనక భాగంలో చేతులు మారుతుంది. మందుని సరిగ్గా అక్కడే, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి వదిలితే చాలా కొంచెం చాలు. అలవాటుగా వాడే లెక్క ఇదీ: నోటితో 300 మిల్లీగ్రాములు, రక్తనాళంలోకైతే 100, వెన్నుపొర బయటైతే 10, పొర లోపలి నీటిలోకైతే 1.

అక్క ఆ నాలుగు అంకెల్నీ చాలాసేపు చూసింది. "అంటే మిగతా రెండొందల తొంభై తొమ్మిదీ ఈ చేతులు ఎగరడానికీ, ఆ చీమలకీ పోతున్నాయన్నమాట" అంది. డాక్టరుగారు తలూపింది. కచ్చితమైన తీసివేత కాదనీ, మనిషి మనిషికీ తేడా ఉంటుందనీ, అందుకే మొదట ఇంకా తక్కువతో మొదలుపెడతామనీ చెప్పింది.

రెండో మందు బుపివకైన్. సిజేరియన్ అప్పుడు వెన్నుకి ఇచ్చే మత్తు సూదిలో ఉండేది సాధారణంగా అదే. నరాల్లో కబురు నడవడానికి సోడియం లోపలికి వెళ్ళే ద్వారాలుంటాయి, ఈ మందు వాటిని మూసేస్తుంది. మార్ఫిన్‌కి లొంగని కరెంటు నొప్పికి ఇదే దిక్కు. అక్కకి కాన్పు గుర్తొచ్చింది. "నడుము కింద నాది కాదన్నట్టు ఉండింది. మళ్ళీ అలా చేస్తారా?" అని అడిగింది. అలా మొత్తం మొద్దుబారేంత కాదు, అదే మందు చాలా సన్నగా, గంటగంటకీ కొంచెం కొంచెంగా పంపుతామంది డాక్టరుగారు. అయినా కాళ్ళలో బలం తగ్గొచ్చు, మూత్రం ఆగిపోవచ్చు, బీపీ పడిపోవచ్చు అని ముందే చెప్పింది. ఏదీ దాచలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక దీని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. వెన్నులోకి మత్తు సూది మొదటిసారి ఇచ్చింది 1898లో, జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్. అప్పటి మందు కొకైన్. ఆయన తనూ తన అసిస్టెంటూ ఒకరికొకరు ఆ ప్రయోగం చేయించుకుని, తర్వాత రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టాడు. ఆ తలనొప్పి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. మార్ఫిన్ వెన్నులో పనిచేస్తుందని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1976లో యాక్ష్, రూడీ అనే ఇద్దరు ఎలుకల్లో చూపించారు. 1979లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జోసెఫ్ వాంగ్, ఆయనతో పనిచేసినవాళ్ళు 8 మంది క్యాన్సర్ రోగుల వెన్నులోకి ఒకటీ అరా మిల్లీగ్రాము ఇచ్చి చూశారు. ఆ ఎనిమిది మందికీ గడ్డ నడుము కింది నరాల్లోకి పాకింది. అచ్చం అక్కకి లాగే. అది చదివి లేచి వెళ్ళి చూస్తే అక్క మంచం పక్కన మోకరించి ఉంది. 1979 నుంచీ తెలిసిన సంగతి మా ఇంటికి రావడానికి ఇన్నాళ్ళు పట్టిందా అనిపించింది.

వెన్నులోకి మందుని అలా కొంచెం కొంచెంగా వదలడానికి పంపు అనే చిన్న యంత్రం కావాలి. అందులో శరీరం లోపల పెట్టేది ఒకటుంటుంది. పొట్ట చర్మం కింద గుండ్రంగా, 20 లేదా 40 మిల్లీలీటర్ల మందు పట్టేది. అయిపోయినప్పుడు చర్మం మీదనుంచే సూదితో నింపుతారు. ఏళ్ళ తరబడి కావాల్సినవాళ్ళకి అది మేలు. 2002లో థామస్ స్మిత్ బృందం 202 మంది క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం ఆ పంపు గురించే. అది పెట్టుకున్నవాళ్ళకి నొప్పి తగ్గడమే కాదు, మందుల వల్ల వచ్చే మగత, నీరసం తగ్గాయని తేలింది. కానీ అక్కకి బుపివకైన్ ఎక్కువ కావాలి, లోపలి పంపు మాటిమాటికీ నింపాల్సొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. డాక్టరుగారు అక్క కళ్ళలోకి చూసి, "మీకు ఏళ్ళ కోసం కాదు, నెలల కోసం చూస్తున్నాను" అంది. బావ గోడవైపు తిరిగాడు. అక్క "అవును, నెలలకే చెప్పండి" అంది. అలా పైపు లోపల, పంపు బయట ఉండేది నిర్ణయమైంది.

ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. గడ్డ వెన్ను దారిని మూసెయ్యలేదని స్కాన్‌లో చూశారు. కీమోతో పడిపోయిన ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయని చూశారు. కాల్లో రక్తం గడ్డకట్టినందుకు అక్క రక్తం పలచబడే ఇంజెక్షన్ తీసుకునేది, దాన్ని ఒక రోజు ముందే ఆపించారు. లేకపోతే వెన్నులో రక్తం చేరి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంటుంది.

లోపల జరిగింది అక్క చెప్పిందే రాస్తున్నాను. పక్కకి పడుకోబెట్టి, నడుము దగ్గర చర్మం మొద్దుబార్చి, ఎక్స్‌రే తెరలో చూస్తూ సూది దించారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుందట, సూది దానికి కింద దిగుతుంది, అందుకే వెన్నుపాముకి తగలదు. నీటి చుక్కలు రాగానే డాక్టరుగారు "వచ్చింది" అందట. సూదిలోంచి సన్నని పైపుని పైకి తోసి, దాని కొసని వెన్నుపాము చివరి భాగం పక్కకి చేర్చారు. ఆ కొస ఎక్కడుందనేదే అసలు కిటుకు. ఇంత నెమ్మదిగా పంపే మందు వెన్నునీటిలో ఎక్కువ దూరం పాకదు, కొస చుట్టుపక్కలే పనిచేస్తుంది. పైపు రెండో కొసని చర్మం కిందుగా తిప్పి కుడి డొక్క దగ్గర బయటికి తీశారు. ఎడమవైపు సంచి ఉంది కాబట్టి దానికి దూరంగా. చర్మం కింద అంత దూరం తిప్పడమూ అందుకే, సూక్ష్మక్రిములు బయటినుంచి వెన్నుదాకా పాకకుండా. బయటి కొసకి 0.2 మైక్రాన్ల ఫిల్టర్, దానికి లైను, లైనుకి చేతి సంచిలో పట్టేంత పంపు. రోజుకి అర మిల్లీగ్రాము మార్ఫిన్, 10 మిల్లీగ్రాముల బుపివకైన్‌తో మొదలైంది.

సాయంత్రం ఆరింటికి గదిలోకి తెచ్చారు. ఎనిమిదింటికి నేను నోటు పుస్తకం తీసి "ఎంత అక్కా" అన్నాను. జవాబు రాలేదు. వంగి చూస్తే నిద్రపోతోంది. మగత నిద్ర నాకు తెలుసు, నోరు తెరుచుకుని కనురెప్పలు సగం మూసుకుని ఉండేది. ఇది అది కాదు. నుదుటి మీద ఆ రెండు నిలువు గీతలు లేవు. కాళ్ళు చాపుకుంది. నాలుగు నెలల్లో మొదటిసారి మోకాళ్ళు చాపింది! బావ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆ పాదాల్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరునాడు కూర్చుంటానంది. మంచం తలవైపు లేపారు. నొప్పి రాలేదు కానీ తల పగిలిపోతున్నట్టుందని వెంటనే పడుకోబెట్టమంది. బియర్‌గారి తలనొప్పి. సూది గుచ్చిన చోటునుంచి వెన్నునీరు కారిపోవడం వల్ల వచ్చేది. పడుకుంటే పోతుంది, లేస్తే వస్తుంది. నాలుగు నెలలు కూర్చోలేనిదానికి నొప్పి పోయి ఈ తలనొప్పా అని నాకు ఏడుపొచ్చింది. మూడు రోజులు పడుకునే ఉంది, నీళ్ళు బాగా తాగించారు. తగ్గకపోతే ఆమె రక్తమే కొంచెం తీసి వెన్నుపొర బయట ఎక్కించి ఆ కంత మూస్తామన్నారు. ఆ అవసరం రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నలభై నిమిషాలు. నోటు పుస్తకంలో అంకె రాసే గడిలో తనే "కూ" అని ఒక అక్షరం రాసుకుంది.

అంతా సుఖాంతమని రాస్తే అబద్ధమవుతుంది. ఎడమ కాలు బలం తగ్గింది, నిలబడితే మోకాలు ముడుచుకుపోయేది. మూత్రం ఆగిపోయి గొట్టం పెట్టాల్సొచ్చింది. నోటి మార్ఫిన్ మొదటిరోజే సగానికి తగ్గించి, మిగతాది పది రోజుల్లో మెల్లగా దించారు. అయినా ఆ రోజుల్లో ఒళ్ళంతా చెమటలు, ఆగని ఆవలింతలు, ముక్కు కారడం. అలవాటుపడ్డ ఒంటికి మందు తగ్గితే అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి హడలిపోలేదు.

కాలి గురించి డాక్టరుగారు అన్న మాట నాకు చాలా నచ్చింది. "మందు తగ్గిస్తే కాలు వస్తుంది, నొప్పీ కొంత వస్తుంది. ఏది ఎంత కావాలో నేను చెప్పలేను, మీరు చెప్పాలి." రెండేళ్ళ జబ్బులో అక్కని ఎవరైనా అలా అడగడం నేను వినలేదు. అక్క మొదట "నడిచి నేనెక్కడికి వెళ్ళాలి, నన్ను కూర్చోనివ్వండి చాలు" అంది. రెండు వారాల తర్వాత మాట మార్చుకుంది. రాత్రి పూట పిల్ల గదిదాకా తనంతట తాను నడిచి వెళ్ళి, అది నిద్రపోయిందో లేదో చూసి రావాలట. అప్పుడు లెక్క వేసుకున్నారు అక్కా, డాక్టరుగారూ కూర్చుని. పగలు బుపివకైన్ కొంచెం తక్కువ, పిల్ల పడుకున్నాక ఎక్కువ. పంపులో గంటల వారీగా అలా మార్చుకోవచ్చు. అదనంగా నొప్పి వస్తే నొక్కడానికి ఒక బొత్తాం, ఎన్నిసార్లు నొక్కినా హద్దు దాటి మందు వెళ్ళదు. పగటి అంకె 3 దగ్గర నిలిచింది. "రెండుకి తేవచ్చు, తెద్దామా?" అని నర్సు అడిగితే "వద్దమ్మా, మూడు నాకు కావాలనే ఉంచుకున్నా" అంది.

ఇంటికొచ్చాక భయమంతా నాదే. లైను పొడుగునా పసుపు టేపు చుట్టి, "వెన్ను లైను, ఇందులో ఇంకేదీ ఎక్కించకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి అతికించాం. అది ఊరికే జాగ్రత్త కాదు. రక్తనాళంలోకి ఇవ్వాల్సిన కొన్ని మందులు పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు విషయంలో అలా జరిగిన దుర్ఘటనలు వైద్య చరిత్రలో ఉన్నాయి. మందు సంచి మార్చడానికి నర్సు వచ్చినప్పుడు గదిలో ఫ్యాను ఆపేవాళ్ళం, ముగ్గురం మాస్కులు పెట్టుకునేవాళ్ళం.

ఒక రాత్రి రెండింటికి పంపు కీచుమని అరిచింది. తెర మీద లైను మూసుకుపోయిందని చూపిస్తోంది. చేతులు వణుకుతూ నర్సుకి ఫోన్ చేశాను. "కంగారుపడకండి బాబూ, ఫిల్టర్ దగ్గర్నుంచి వేలితో తడుముతూ రండి" అంది. తడుముతూ వస్తే డొక్క కింద చిన్న తెల్ల క్లిప్పు మూసి ఉంది. సాయంత్రం అక్క చొక్కా మారుస్తూ నేనే మూసి, తెరవడం మరిచిపోయాను. అప్పటికే కాల్లో కరెంటు మొదలైంది, అక్క పళ్ళు బిగబట్టుకుని ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. క్లిప్పు తెరిచాక ఆ నొప్పి దిగడానికి గంట పట్టింది. ఆ గంటసేపు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇంటికి ఇలాంటి పంపు తెచ్చుకునేవాళ్ళకి నేను చెప్పేది, ఆ క్లిప్పులు ఎన్నున్నాయో మొదటిరోజే లెక్కపెట్టుకోండి. మాకు మూడున్నాయి.

ఇంకోసారి జ్వరం వచ్చింది. వెన్నుపొరలకి ఇన్‌ఫెక్షన్ ఏమోనని అందరం బిగుసుకుపోయాం. మెడ పట్టేసిందా, వెలుతురు చూడలేకపోతోందా, పైపు బయటికొచ్చే చోట ఎర్రబడిందా అని చూశారు. వెన్నునీరు తీసి పరీక్ష చేశారు, శుభ్రంగా ఉంది. మూత్రపు గొట్టం వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్ అని తేలి, మందులకి తగ్గింది.

లెక్కలు తిరిగొచ్చాయి. అది విడిగా రాయాలని ఉంది. నోటి మార్ఫిన్ పూర్తిగా ఆగిన వారానికి మేనకోడలు తనంతట తనే పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంది. అక్క పెన్సిలు తీసుకుని, పిల్ల చేసిన మూడో మెట్టులో గుర్తు తప్పిందని చుట్టూ సున్నా చుట్టింది. మునుపటంత గట్టిగానే గదమాయించింది. గదమాయిస్తే ఆ పిల్ల అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

నొప్పి తగ్గాక అక్క ఏడ్చింది. నొప్పి ఉన్నన్నాళ్ళూ ఏడవలేదు, ఏడవడానికి కూడా చోటు ఉండేది కాదేమో. "దీన్ని వదిలి ఎలా పోను రా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. 1967లో లండన్‌లో, చివరి దశలో ఉన్న రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ చావుకి దగ్గరైన మనిషి నొప్పిని ఒంటిదీ మనసుదీ విడదీసి చూడకూడదని, అదంతా కలిపి ఒకే నొప్పి అని చెప్పారు. పంపు అందుకునేది అందులో ఒక భాగాన్నే. కానీ ఆ భాగం పక్కకి తప్పుకుంటేనే మిగతాది మాట్లాడుకోగలిగాం. పిల్ల చదువు గురించి, బావ ఒంటరితనం గురించి, చిన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

గడ్డ పెరుగుతూనే ఉంది. మందూ పెరిగింది, మార్ఫిన్ 3 మిల్లీగ్రాములకి, బుపివకైన్ 20కి వచ్చాయి. కాలేయానికి పాకాక కుడి భుజంలో నొప్పి మొదలైంది. నడుము దగ్గరి పైపు ఆ నొప్పికి అందలేదు, దానికి విడిగా మందులిచ్చారు. నత్త విషంలోంచి వచ్చిన జికొనొటైడ్ అనే మందు కూడా వెన్నులోకి ఇస్తారని అప్పుడు తెలిసింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా అనే శాస్త్రవేత్త సముద్రపు శంఖు నత్తల మీద చేసిన పనిలోంచి పుట్టింది, అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. మనసుని తికమకపెట్టే గుణం దానికి ఉందని డాక్టరుగారు వద్దంది. అక్క దగ్గరున్న తెలివి చాలా కష్టపడి తెచ్చుకున్నది.

చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు గుమ్మం బయట నన్ను పక్కకి పిలిచి, "ఆ మిషను తొందరగా పంపేసేందుకా?" అని అడిగారు. కోపం తెచ్చుకోలేదు, లోపలికి తీసుకెళ్ళి అక్కతో మాట్లాడించాను. కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషిని చూసి వెళ్ళారు.

పంపు పెట్టాక అక్క పదకొండు వారాలు ఉంది. చివరి మూడు రోజులు మింగలేకపోయింది. మాత్రల మీదే ఆధారపడి ఉంటే ఆ మూడు రోజులు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. పంపు మాత్రం తన పని తను చేస్తూనే ఉంది. నర్సు రోజూ వచ్చి ఊపిరి లెక్కపెట్టి, తెర చూసి, అక్క కాళ్ళు సరిచేసి వెళ్ళేది. ఆఖరి రాత్రి ఎటు తిప్పమంటావని బావ అడిగాడు. ఏ పక్కకీ వద్దని చెయ్యి ఊపింది.

వెల్లకిలా పడుకుంది. కాళ్ళు చాపుకుని, పిల్ల చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, తెల్లవారుజాము దాకా అలాగే పడుకుంది.